కదలని బాణం

నరీన్‌లో పొద్దున్నే
తాళంచెవి వేలికి అంటుకుపోయే చలి.
పొయ్యిలో బొగ్గు ఇంకా రాజుకోలేదు.
కంప్యూటర్ మాత్రం లేచింది.
జననాల రిజిస్టరు, నీలం తెర,
నట్టనడుమ తెల్లటి బాణం.
కదలదు.

మౌస్‌ను అటు జరిపాను, ఇటు జరిపాను,
పీట మీద పిండి రుద్దినట్టు రుద్దాను.
ఉలుకూ లేదు పలుకూ లేదు.
తిరగేసి చూస్తే పొట్ట కింద ఎర్రదీపం
వెలుగుతూనే ఉంది.
అదే కదా ఒళ్లు మండించేది:
చచ్చిందా అంటే లేదు,
బతికిందా అంటే మాట వినదు.

బెంచీ మీద ఒకతను, ఎసెన్‌బెక్,
గొర్రెలు వదిలి రాత్రే కొండ దిగాడట.
భుజాల మీది మంచు కరిగి
బూట్ల చుట్టూ మడుగు కట్టింది.
"కూతురు" అన్నాడు. అంతే అన్నాడు.
చేతిలో ఆసుపత్రి కాగితం,
ఇంకో మడతకు చోటు లేనంత చిన్నదిగా.

"ఒక్క నిమిషం" అన్నాను.
ఆ నిమిషంలో ఎన్ని నిమిషాలున్నాయో నాకే తెలీదు.
వైరు పీకి పక్క రంధ్రంలో గుచ్చాను.
బల్ల కిందికి పాకి, దుమ్ములో మోకాళ్లూని
వెనకవైపు ఇంకోటి వెతికాను.
ఆపేసి మళ్లీ వెలిగించాను.
అదే తెర, అదే బాణం, అదే మొండితనం.
బిష్కెక్ కుర్రాడికి ఫోను చేస్తే
"రీస్టార్ట్ చేశారా?" అన్నాడు
నిద్రలోంచే.

ఎసెన్‌బెక్ లేచి వచ్చాడు,
కల్పక్ టోపీ చేత్తో నలుపుతూ.
"మా పిల్లా పుట్టగానే ఏడవలేదు"
బాణంతోనే చెబుతున్నట్టు అన్నాడు.
"నర్సు తలకిందులు చేసింది, తట్టింది. ఊహూఁ.
అప్పుడు పక్కన పెట్టి
తన చేతులు వేన్నీళ్లలో ముంచుకుంది.
మళ్లీ ఎత్తుకుందో లేదో
గేటు దగ్గర వాచ్‌మన్ నిద్ర లేచాడు."

నవ్వాలో వద్దో తెలియక
కీబోర్డు మీద చేతులు పెట్టాను.
టైపు మెషీను రోజుల్లో
నాకెవరు ఇచ్చారు మౌస్?
ట్యాబ్. ఒక గడి.
ట్యాబ్. ఇంకో గడి.
కరెంటు పోయిన ఇంట్లో గోడ తడుముకుంటూ
వంటగదికి చేరినట్టు
తండ్రి పేరు, తల్లి పేరు, తేదీ.
ఒకచోట కీ ఒకసారి ఎక్కువ నొక్కి
ఆడపిల్లను మగపిల్లాణ్ణి చేశాను.
వెనక్కొచ్చి దిద్దాను.
అతను చూశాడో లేదో.

"పేరు?"
ఎవరైనా వింటారేమోనన్నట్టు
తలుపుకేసి చూసి, గొంతు తగ్గించి
"మేరిమ్."
మా భాషలో దయ.
ఎంటర్.

అతను వెళ్లాక
మౌస్ వైరు పీకేసి ఉంచాను.
కంప్యూటర్ ఆర్పి, వెలిగించి,
అది పూర్తిగా లేచి కుదురుకునేదాకా
గ్లాసుడు టీ తాగి
అప్పుడు గుచ్చాను.

ఒక్క ఉదుటున బాణం
తెర చివరిదాకా పరిగెత్తింది.

ఇక పనేమీ లేదు.
బెంచీ కింద మడుగు ఆరుతోంది.
చలికి నా చెయ్యి దాని మీదే
అలాగే ఉంచాను,
ఎక్కడా నొక్కకుండా.