తగిలింది

నీళ్ళు తీసేసి పంటు బురదలో కూర్చున్న మధ్యాహ్నాలు
టికెట్ల కట్ట కింద దాచుకుని చదివేవాణ్ణి.
పాలకొల్లు పాతకాగితాల కొట్లో
కిలో లెక్కన తూచి ఇచ్చాడు ఆ అట్టలేని పుస్తకం.
నైలు ఒడ్డున చచ్చిపోయిన ఒక భాషకి
ఎవరో రాసిన ఓనమాలు.

అచ్చులు రాయలేదట వాళ్ళు.
అంచేత మాటలకి ఒళ్ళు మిగిలింది, గొంతు పోయింది.
పేజీ నిండా పిట్టలు, పాములు, కాళ్ళు, గిన్నెలు,
సంత చెదిరిపోతున్నట్టు.

మొదట 'చూడు' నేర్చుకున్నాను.
ఒక కొడవలి, పక్కన కన్ను.
కొడవలి ఉత్త శబ్దం కోసమే, దానికి అర్థం లేదు
అని పుస్తకం గట్టిగానే చెప్పింది.
నేను నమ్మలేదు.
మాసూళ్ళప్పుడు గట్టు మీద నిలబడి
మా నాన్న చేను చూసే చూపు నాకు తెలుసు.
కోసుకుంటూ పోయేది.

'విను' అనడానికి మనిషి చెవి కాదు, ఆవు చెవి.
వెడల్పుగా, పక్కకి చాపి, ఈగని తోలుతూ.
వినడమన్నా, మాట వినడమన్నా వాళ్ళకీ ఒకటే.
"మావాడు అస్సలు వినడండీ" అంటూ
రెండు టికెట్లు తీసుకున్న తల్లి
నాలుగు వేల ఏళ్ళ వ్యాకరణాన్ని
చిల్లరతో పాటు నా చేతిలో పోసి వెళ్ళింది.

రుచికి నాలుక బొమ్మ. సరే.
మనమైతే రుచి చూస్తాం, వాసన చూస్తాం,
జ్వరం చెయ్యేసి చూస్తాం,
ఏటి లోతు గెడేసి చూస్తాం.
మన దగ్గర అందరి పొలాల్లోకీ కన్నే కూలికెళ్తుంది.
వాళ్ళ ముక్కుకి మాత్రం రెండు పనులు:
వాసన పీల్చడం, ముద్దు పెట్టడం.
రెంటికీ అదే మాట.

అది చదివిన రోజే
సరంగు బంగారి మనవరాలు కేరేజీ తెచ్చింది.
ముప్పై రెండేళ్ళు ఇంజను పక్కన నిలబడి
దానికి రెండు చెవులూ ఇచ్చేసినవాడు.
పిల్ల తల దగ్గరికి లాక్కుని
పెదవి ఆన్చలేదు.
కొబ్బరినూనె, ఎండ, బడి సుద్దముక్క,
కళ్ళు మూసుకుని లోపలికి తీసుకున్నాడు.
మూర్కొనడం అనే మాట ఒకటుండేది మనకి.
పోయిందనుకున్నాను.

'తాకు' దగ్గర ఆగిపోయాను.
పక్క పేజీలో మళ్ళీ అవే అక్షరాలు,
చివర ఒక గుండ్రం, దాని లోపల అడ్డంగా రెండు దార్లు.
ఇప్పుడది ఊరట. పడవలాగే రేవట.
అచ్చుతప్పనుకున్నాను.
పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి మూసేశాను.

మార్గశిరంలో ఒక పొద్దున్న, మంచు.
పది బైకులు, ఒక ఆటో, లేసు మూటలతో ఆడవాళ్ళు.
నడి ఏటికొచ్చేసరికి
అవతలి ఒడ్డు లేదు, ఇవతలిదీ లేదు.
ఒకరి తర్వాత ఒకరు మాటలు ఆపేశారు.
కళ్ళు పనికిరాలేదు,
చెవుల నిండా ఇంజను.
బంగారి చెప్పులు విడిచాడు.
చల్లటి రేకు మీద ఉత్త పాదాలు, వేళ్ళు విడదీసి,
పశువు నేలని వింటున్నట్టు.
ఇంజను కట్టెయ్యమని కుర్రాడికి చెయ్యెత్తాడు.

కాసేపు నీళ్ళే.

అడుగున ఎక్కడో సన్నటి గరగర
నా దాకా రాకముందే అతని మడమకి తెలిసి
చెవిటివాళ్ళు అరిచేటంత గట్టిగా
"తగిలిందండోయ్!"

ఏం తగిలిందని ఎవరూ అడగలేదు.
మూటలు నెత్తికెక్కాయి, బైకులు దగ్గాయి.
నరసాపురం ఇంకా కనపడలేదు.
ఉంది.

ఆ రాత్రి ప్రశ్నార్థకం చెరిపేశాను.
ఆ మాట ఎలా పలకాలో ఇప్పటికీ తెలీదు.
చెరిపిన చోట కాగితం కాస్త గరుకు తేలింది,
అప్పుడప్పుడు వేలితో చూస్తుంటాను.