అద్దం మీది గీత

ఎర్రగుంట్ల స్టేషన్ రోడ్డులో
నా జిరాక్సు మిషన్‌కు ఒక జబ్బుండాది.
ఏ కాయితం పెట్టినా కుడి అంచున
వెంట్రుకంత నల్ల గీత పడ్తాది,
నడుముకు కొంచెం పైన చిన్న వంకర తిరిగి.
రేషన్ కార్డుకైనా, హాల్ టికెట్టుకైనా,
చచ్చిపోయినోళ్ళ సర్టిఫికెట్టుకైనా
అదే గీత.

ప్రొద్దుటూరు మెకానిక్ వంగి చూసి
"అద్దం గీరుకుపోయిందక్కా, సిమెంటు దుమ్ము" అన్నాడు.
నిజమే. పొద్దున తుడిచిన బల్ల మీద
మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు మా ఊళ్ళో.
గుడ్డలో ఇరుక్కున్న రవ్వేదో అద్దాన్ని కోసింది.
కొత్తది నాలుగు వేలు.
నాలుగు వేలంటే రెండు వేల కాపీలు.
వదిలేసినా.

మొన్న ఎండాకాలం
కంపెనీ ఆఫీసులో మిషన్ చెడిపోయిందని
శశిధర్ అనే అబ్బోడు రెండు కట్టలు తెచ్చినాడు.
మెడలో తాడు, తాడుకు కార్డు, కార్డులో నవ్వు.

మొదటి కట్ట నున్నగా ఉండాది.
అట్ట మీద ఆకు, ఆకు మీద నీటి చుక్క.
అంత కడిగిన ఆకు మా మండలంలో నేను చూడలేదు,
మా చీనీ చెట్లు విబూది పూసుకున్న జంగమయ్యలు.
లోపల పెద్దక్షరాలు:
భూమాతకు మా మాట, 2050 నాటికి మా పొగ సున్నా.

రెండో కట్టకు అట్ట లేదు.
కంపెనీ పేరూ లేదు,
పైన "ఉత్పత్తిదారుల సంఘం" అని మాత్రం.
పొగ లెక్కల కొత్త రూలు మూడేండ్లు ఆపాలంట.
గేటు కాడ లెక్క చూపే బోర్డు
ప్రజల్లో అనవసర ఆందోళన రేపుతుంది గనక
వద్దంట.
ఏడో పేరాలో "తగ్గించవలెను" అనే మాట ముందర
పచ్చ పెన్నుతో ఎవరో చేర్చినారు:
"సాధ్యమైన మేరకు".
ఆ రెండు మాటల సందులో
ఎంత లావు చిమ్నీ దూరిపోతాదో
నేనప్పుడు లెక్కేయలేదు.

"ఎన్ని కాపీలబ్బా?"
"ఆకుది రెండొందలు. ఇది నాలుగు చాలక్కా."
పదకొండు పేజీలు, నాలుగు కాపీలు,
ఎనభై ఎనిమిది రూపాయలు.
వంద ఇచ్చి చిల్లర వద్దన్నాడు.
ఆ పన్నెండు ఎందుకిచ్చినాడో తెలీక
డ్రాయర్లో ఒక పక్కన పెట్టినా.

దూదేకుల దస్తగిరి క్లింకర్ లారీ తోల్తాడు.
రూలు సడలిందని పేపర్లో చదివి
సమాచార హక్కు కింద అర్జీ పెట్టినాడు:
ఇది రాసిందెవరు?
రాసేముందు ఎవరెవరు వచ్చి కలిసినారు?
రెండు నెల్లకు జవాబు.
"కలిసిన వారి వివరములు
ఈ కార్యాలయమున నిర్వహించబడుట లేదు."
మళ్ళీ పెట్టినాడు. మొండోడు.
ఈసారి ముసాయిదా పంపినారు,
కార్యాలయమే స్వయముగా తయారు చేసినదని ముద్రేసి.

"అక్కా, మూడు కాపీలు" అని ఇచ్చినాడు.
నేనింకా మూత ఎత్తనే లేదు.
ఏడో పేరా ఉన్న పేజీ, కుడి అంచున
వెంట్రుకంత నల్ల గీత,
నడుముకు కొంచెం పైన చిన్న వంకర.

నా బిడ్డను నేను గుర్తు పట్టనా?

మిషన్‌లో పెట్టి తీస్తే
గీతలు రెండైనాయి.
ఒకటి అమరావతి పోయి తిరిగొచ్చింది,
ఒకటి ఇప్పుడే పుట్టింది,
అక్కచెల్లెండ్ల మాదిరి పక్కపక్కన.
గీసింది నేను కాదు దస్తగిరీ,
వాళ్ళ దుమ్మే గీసింది.
"కోర్టులో నిలబడ్తాదా?" అన్నాడు.
నాకేం తెల్సు. వేలు పెట్టి చూపించినా, అంతే.

నిన్న శశిధర్ మళ్ళీ వచ్చినాడు,
చంకలో అట్ట లేని కట్ట.
"అద్దం మార్చక్కా, డబ్బులు కంపెనీ ఇస్తాది."
ముందు పన్నెండు రూపాయలు చేతిలో పెట్టినా.
తర్వాత, కొత్తగా గళ్ళు కొట్టుకున్న పుస్తకం:
తేదీ. ఎన్ని పేజీలు. ఎన్ని కాపీలు.
ఎవరి తరపున.

మూడు గళ్ళు గబగబా నింపినాడు.
నాలుగో గడి కాడ పెన్ను ఆగింది.
ఫ్యాను తిరగతా ఉండాది.
తెల్లటి కాయితం మీద, తెల్లగా,
దుమ్ము వాలతా ఉండాది.