అరవై పౌండ్ల గాలి

ముందు కిరసనాయిలు.
రాజ్‌దూత్ క్రాంక్‌కేసు చిప్పలు రెండూ
రాత్రంతా నూనె డబ్బాలో నానినయ్.
పొద్దున మూత తీస్తే పైన తేలతా
నలభై ఏళ్ల దారి:
వాకాటి బురద, చెరువుకట్టల రేగడి,
ఎవరిదో కోడి ఈక ఒకటి.

బండి హరనాథుది. రొయ్యపిల్లల హేచరీలో పని.
అంతకుముందు వాళ్ల మేనమామది.
సముద్రం పక్కన ఊరికే నిలబడి నిలబడి
అల్యూమినియం తెల్లగా పూసింది
అడుగంటిన ఊరగాయ జాడీ లాగా.
"కొత్తదాని మాదిరి కావాలన్నా" అన్నాడు.
అందరూ అదే అంటారు.

మర ఉన్న ప్రతి బొక్కలో పాత బోల్టు బిగించాను.
బేరింగు కూర్చునే గుంటలకు రబ్బరు బిళ్లలు,
నూనె దారులకు బిరడాలు,
పైన టేపు రెండు చుట్లు.
గాజుపూస ఒక్కటి లోపల మిగిలినా
ఇంజనును తినేసుద్ది.
కంట్లో నలుసు నయం, ఏడిపించి పోద్ది.

పెట్టె తలుపు మూసి
గోడకు బిగించిన తొడుగుల్లో చేతులు దూర్చాను.
అద్దం అవతల నా చేతులే, ఎవరివో అన్నట్టు.
పెడలు తొక్కితే అరవై పౌండ్ల గాలి.
ఎక్కువైతే గుంటలు పడుద్ది,
తక్కువైతే బూజు నవ్వుద్ది.
జానెడు దూరం, రవ్వంత వాలు,
ముగ్గు పోసే చెయ్యి ఎట్ట ఆగదో అట్ట.

నలుపు బూడిదైంది.
బూడిద వెండి అయిందని చెప్పను,
వెండి కాదు అది,
అప్పుడే ఒడ్డున పడ్డ చేప పొట్ట.

బయట స్టూలు మీద పెంచలయ్య మేస్త్రీ.
ఆయన రోజుల్లో పెట్టె లేదు, పూసల్లేవు.
కోట ఇసక, చిల్లకూరు ఇసక,
రేకుల పంచలో జల్లెడ పట్టి,
మూతికి తడి తువ్వాలు చుట్టి.
ఇనుమా అల్యూమినియమా అని లేదు,
అన్నిటికీ అదే ఇసక.
ఆ ఇసక ఇప్పుడు ఆయన రొమ్ములో ఉంది.
ఊపిరి తీస్తే
కంప్రెసర్ వాల్వు కారినట్టు సన్నటి ఈల.
టార్పాలిన్ కప్పిన లారీ రోడ్డున పోతే
తల తిప్పి చూస్తాడు.
తిట్టడు. నంబరు చదువుతాడు, అంతే.

ఏమో, నా పూసలు కూడా ఆ ఇసకేనేమో,
ఏ ఊరి కొలిమిలోనో గుండ్రమై
పాతిక కేజీల సంచిలో మళ్లీ గూడూరే చేరిందేమో.

పదింటికి కరెంటు పోయి పదకొండుకు వచ్చింది.
ఎడమ చిప్ప అడుగున, చైను తిరిగే చోట
పెయింటు లేచింది.
దాని కింద లప్పం లేచింది.
దాని కింద వెల్డింగు.
మూడంగుళాలు, పొలుసు మీద పొలుసు,
నడుమ ఒక్కచోట తడబాటు.
ఈ చెయ్యి నాకు తెలుసు.
నా నెత్తిన మొట్టికాయలు వేసిన చెయ్యి.

వేడినీళ్లతో కడిగి, బొక్క బొక్కకీ గాలి కొట్టి
తెల్లగుడ్డలో పెట్టుకుని బయటికి తెచ్చాను.
"మేస్త్రీ, ఇది చూడు."

కళ్లజోడు పైకి తోశాడు.
"చైను తెగి కొట్టింది. వీళ్ల మామ
ఈ గడప మీదే కూర్చుని ఏడ్చాడబ్బయా,
తెల్లారితే పెళ్లిచూపులంట."
ఈల. కాసేపాగి ఇంకో ఈల.
"ఈడ, ఈ మలుపులో, కార్బైడు అయిపోయింది.
తెప్పించి మళ్లీ అందుకున్నా.
కనపడతానే ఉండాది ఎదవది."

"ఆకురాయి పట్టి సాపు చేసేదా?
కొత్తదాని మాదిరి కావాలన్నాడు గదా."

ఆయన పలకలేదు.
పూసకొట్టిన అల్యూమినియానికి
ఒట్టి వేలు తగిలితే చాలు,
చెమట లోపలికి దిగుద్ది,
పైన లక్కర్ కొట్టినా మచ్చ మచ్చే.
ఆ సంగతి నాకు నేర్పింది ఆయనే.

ముందుకు వంగాడు, ముక్కు ఆనేంత దగ్గరికి,
ఈల ఆగిపోయింది,
చేతులు రెండూ వీపు వెనక కట్టుకునే ఉన్నాడు.

"లక్కర్ పల్చంగా కొట్టు" అన్నాడు లేచి.
"ఆ మలుపు కాడ ఇంకా పల్చంగా."