ఈ రోజు ప్రశ్న లేదు

బుధవారపేట మలుపులో మద్దిలేటి టీ బంకు.
రేకు తలుపుకు నల్లరంగు పూసి
తెల్లారి ఐదున్నరకే సుద్దముక్కతో రాస్తాడు:
చరిత్రలో ఈ రోజు.
దాని కింద ఒక ప్రశ్న.
చెప్పినోళ్లకి అర టీ ఊరికే.

కోచింగు సెంటర్ల నుంచి వస్తాం మేము,
ఆలూరోళ్లం, పత్తికొండోళ్లం, కోసిగోళ్లం,
గ్రూప్ టూ గైడ్లు చంకన ఇరికించుకొని.
ప్లాసీ యుద్ధమా, జూన్ ఇరవై మూడు.
చంద్రుడి మీద కాలు పెట్టిందా, జూలై ఇరవై.
ఉరుకుందు అయితే ప్రశ్న సగంలో ఉండంగానే
ఏడాది చెప్పేసి గ్లాసు పట్టుకుంటాడు.
వాడు ఫీజు కట్టాల్సిన తేదీ మాత్రం
ఎప్పుడూ గుర్తుండదు వాడికి.

కొన్ని రోజులు తలుపు మీద ఒకటే మాట:
ఈ రోజు ప్రశ్న లేదు.
మార్చిలో వరసగా నాలుగు రోజులు.
ఆగస్టు పదిహేనున కూడా!
"ఏం మామా, స్వాతంత్ర్యమొచ్చింది తెలీదా?" అని నవ్వితే
"వచ్చిందంట గదా," అన్నాడు పాలు పొంగకుండా ఊదుతా,
"నా కాడికి ఆ పేజీ రాలేదు."

నీ పుట్టినరోజెప్పుడని ఒకసారి అడిగినా.
"ఆధార్‌లో జూలై ఒకటి. అది అయివారు పెట్టింది.
మా బడిలో అందరం ఆ పొద్దే పుట్టినాం,
నలభైమూడు మందిమి, ఒకటే కాన్పు.
మాయమ్మ లెక్క వేరే.
జొన్న మాడిపోయిన ఏడు,
ఎర్రావు ఈనిన మూడోనాడు."
పానిపట్టుకు తేదీ ఉంది.
ఎర్రావుకు ఏ గైడులోనూ లేదు, వెతికినా.

అక్టోబరు ఒకటిన కర్నూలు రాజధాని ప్రశ్న.
అది తెలీనోళ్లెవరు ఇక్కడ?
ఆ పొద్దు పాలు చాల్లేదు.

మర్నాడు తలుపు కడిగి ఉంది.
అక్షరం లేదు.
ప్రశ్న లేదన్న మాట కూడా లేదు.
"గాంధీ జయంతి," అన్నాడు ఉరుకుందు, అలవాటు కొద్దీ చెయ్యి చాపి.
గ్లాసు రాలేదు.

చీపుర్లమ్మే మాబున్ని, చదువు రానిది,
ఏనాడూ ఆ తలుపు దిక్కు చూడనిది,
మోపు దించి ఎదురు గోడ చూపించింది.
కిటికీ పైన, మనిషెత్తుకి ఇంకో మూరెడు మీద,
మట్టిరంగు గీత.
"నీళ్లు," అనింది.
"యెనక నుంచి హంద్రి, ముందర నుంచి తుంగభద్ర.
మిద్దెల మీద కూసున్నాం పేటంతా.
మా కోడలు ఆడనే కనింది.
పిల్ల మొగం చూడాల్నా, నీళ్ల మొగం చూడాల్నా
తెలీలే ఆ రాత్రి."
మద్దిలేటి ఆమెకు నిండు గ్లాసు పోసినాడు.

అప్పుడు గల్లా కింద నుంచి తీసినాడు నోటుబుక్కు.
ఉబ్బి, వంకరపోయి, ఇంకా బురద వాసన.
నీళ్లు తీసినాక రోడ్డు పక్కన
తడిసిన పుస్తకాలు కుప్పలు కుప్పలు.
పొయ్యిలోకని ఇది తెచ్చుకున్నాడంట.
అంటుకోలేదు.
ఆరబెట్టుకుంటా ఒక పేజీ చదివినాడు,
తర్వాత ఇంకోటి.
తేదీ తేదీకీ ఒక ప్రశ్న, గుండ్రటి చేతిరాత,
అట్ట మీద పేరు మాత్రం కరిగిపోయింది.
"రాసినోళ్లు ఎప్పుడన్నా ఈ దోవన పోతే
గుర్తుపడతారేమోనని..."
మాట ఆపి గ్లాసులు కడుక్కున్నాడు.

ఆగస్టు పేజీలు ఒబ్బట్టు పొరల మాదిరి
ఒకదానికొకటి కరుచుకోని ఉన్నాయి.
గోరుతో గీకి చూసినా.
నీలం సిరా కొంచెం వేలికంటింది.
"తడిపితే విడిపోతాయి మామా,
కాసిన్ని నీళ్లు చిలకరించి..."
"నీళ్లా?" అన్నాడు.

మూడో తేదీ పేజీ బాగానే ఉంది.
రెండు జర్మనీలు ఒకటయిన ఏడాది ఏది?
ఉరుకుందు చెప్పేసినాడు.
నేను డబ్బులిచ్చి తాగినా.