కొనే గుండ్లు

జయపురం నుంచి విశాఖకి తొమ్మిది సీట్ల విమానం.
సంచీ ఏడు కిలోలు దాటకూడదన్నారు.
ఏడంటే ఏడే, నోట్లో వక్కపలుకు తప్ప అన్నీ లెక్కే.

నాకా తూకం చెప్పేది?
ముప్పై ఏళ్ళు కుందులి సంతలో
చింతపండు కాటా ముందు కూర్చున్నదాన్ని.
బుట్ట చేత్తో ఎత్తి చెప్పేదాన్ని, నాలుగూ ముప్పావని.

అటక మీంచి మామగారి కాటా దించి
కొట్టు వెనక గదిలో దూలానికి కట్టాను.
ఒక పళ్ళెంలో సంచీ. రెండో దాంట్లో
అయిదు కిలోల గుండు, రెండు కిలోల గుండు.
సంచీ నేలకంటింది.

తీయడం మొదలెట్టాను.
స్టీలు డబ్బా తీసి నువ్వుండలు గుడ్డలో మూటకట్టాను.
గాజువాకలో మా చెల్లెలి కూతురు హైమ
వచ్చే బుధవారం పచ్చళ్ళ కొట్టు తెరుస్తోంది.
దానికి గింజ తీసిన చింతపండు
మూడు పొట్లాలనుకున్నది రెండయ్యాయి.
కొట్పాడు చీర ఒక్కటే ముప్పాతిక కిలో,
ఆ ఎర్రరంగు వేరుకే బరువుంటుందేమో.
దాన్ని కట్టుకున్న చీర మీద చుట్టేశాను.
ఒంటి మీదున్నది సంచీ కాదు కదా!
అల్లం తీశాను, మళ్ళీ పెట్టాను,
చివరికి సగం విరిచి పెట్టాను.
ముల్లు సూదిలా నిలబడింది.

విమానాశ్రయమంటే మా గోదాము కన్నా కాస్త పెద్దది.
బల్ల వెనక కుర్రాడు, జేబు మీద ఒడియాలో పేరు:
లఖిందర్ ముదులి.
సంచీ పెట్టాడు. ఎర్ర అంకెలు పరుగెత్తి ఆగాయి.
ఏడు పాయింటు ఎనిమిది.

"తప్పు," అన్నాను. "ఇంటి దగ్గర తూచుకునే వచ్చాను."
"అందరూ అదే అంటారు మాఉసీ," అన్నాడు,
మర్యాదగానే.

ఆ మాట నాది.
శుక్రవారం శుక్రవారం నేనన్న మాట,
అంతే మర్యాదగా.

"ఇంకోసారి పెట్టు బాబూ," అన్నాను.
ఆ మాట వాళ్ళది.
పెట్టాడు. నేనయితే పెట్టేదాన్ని కాదు.
ఏడు పాయింటు ఎనిమిది.

అప్పుడు తట్టింది.
మామగారివి రెండు జతలు.
అమ్మే గుండ్లు అటక మీద ఎడమవైపు,
కొనే గుండ్లు కుడివైపు.
కొనేవాటి అడుగున సీసం పోయించిన సంగతి
నేను కాపురానికొచ్చిన ఏడాదే చెప్పాడు,
పోపులపెట్టె ఎక్కడుంటుందో చెప్పినట్టు.
అలవాటు పడ్డ చెయ్యి,
కుడివైపే పోయింది.

ఏడింటికి ఎనిమిది వందలు. కిలోకి నూట పద్నాలుగు.
లెక్క నాకు ఇట్టే వచ్చేస్తుంది, అదే నా కర్మ.
ముప్పై ఏళ్ళ శుక్రవారాలతో గుణించబోతుంటే
వెనక ఎవరో దగ్గారు.

ఒక చింతపండు పొట్లం బయటికి తీశాను.
"ఇంటికి పట్టుకెళ్ళు. మంచి సరుకు."
"తెలుసు," అన్నాడు.
తీసుకోలేదు. బల్ల చివరికి జరిపాడు.

తరవాత నన్నే ఎక్కమన్నాడు.
ఈ చిన్న విమానాలకి మనుషుల్నీ తూస్తారట.
రెండు చీరలతో ఎక్కి నిలబడ్డాను.
అంకె పైకి చదివాడు.
వరసలో ఉన్నవాళ్ళంతా విన్నారు.

లోపల పైలట్ ఒక్కొక్కర్నీ ఎగాదిగా చూసి
మీరు వెనక్కి, మీరు ఇటు, అని మార్చాడు.
ముల్లు సరిచేస్తున్నాడని నాకొక్కదానికే అర్థమయింది.

ఘాట్ రోడ్డు మెలికలు కిందికి జారాయి.
ఇవాళ శుక్రవారమే.
కుందులి దారంట నెత్తిన బుట్టలతో బారు.
ఇంత ఎత్తు నుంచి ఎవరి బుట్ట ఎంతుందో
నేను చెప్పలేను.

ఒకటే పొట్లమేంటి పెద్దమ్మా, అంటుంది హైమ.
తూకంలో పోయిందే, అంటాను.
అబద్ధమేం కాదు.