పుల్లమ్మ

ప్రిసిల్లా గది ఖాళీ చేసిన రోజు
ఫ్రిజ్ మీద ఒక హార్లిక్స్ సీసా వదిలి వెళ్లింది.
అడుగున నాలుగు వేళ్ల ఎత్తు పులిసిన పిండి,
మూతకి ఓ పసుపు చీటీ, ఆమె గుండ్రటి దస్తూరీలో:
"దీని పేరు పుల్లమ్మ.
రోజూ గుప్పెడు పిండీ కాసిని నీళ్లూ పెట్టు.
పెట్టేముందు సగం తీసి పారెయ్.
పారెయ్యకపోతే బతకదు."

మర్యాదగా రాసింది.
తిట్టినా బాగుండేది.

మార్చిలో మా కంపెనీ కూడా ఇదే చెప్పింది,
కొంచెం పెద్ద మాటల్లో.
జాబితా టైపు చేసింది నేను.
ఇరవై ఏడో వరస దగ్గర నా వేలు
కాసేపు ఆగింది. అంతే.
ఆ రాత్రి ఒకే కుక్కర్లో వండిన అన్నం ఇద్దరం తిన్నాం.
పప్పులో ఉప్పు తగ్గిందని తనే అంది.

మే వానకి చల్లబడ్డ మురుగేశ్‌పాళ్య వంటింట్లో
పుల్లమ్మ బద్ధకంగా లేస్తుంది.
పైన విమానం దిగినప్పుడల్లా
సీసాలో బుడగలు ఒక్కసారి ఉలిక్కిపడతాయి.
మొదటి సగాన్ని సింకులో వొంపబోయి
చెయ్యి రాక ఇంకో డబ్బాలోకి తీశాను.
మర్నాడూ అంతే. ఆ మర్నాడూ.
పదకొండు రోజులకి ఫ్రిజ్‌లో పెరుగ్గిన్నెకి చోటు లేదు.
తలుపు తీస్తే మా మేనత్త తరవాణి కుండ వాసన.
ఆవిడ ఆ కుండని ఏనాడూ అడుగంటా వంచలేదు,
ఎవరొచ్చినా గరిటెడు పోసి పంపేది.

శనివారం తోపుడుబండి మీద మామిడికాయలు.
మా వైపు వీటిని బెంగళూరా అంటాం.
బెంగళూరులో అడిగితే బండివాడు నవ్వి
"గిణిమూతి" అన్నాడు, చిలక మూతి అని.
ఊరి పేరు ఊళ్లో చెల్లదు కాబోలు.
దోరవి మూడు, నలిగిన ప్లమ్స్ ఓ దోసెడు,
తరిగిన బెల్లం, చిటికెడు శొంఠి.
డబ్బాలోని పులుపంతా వెన్నా మైదాతో
గరిటెజారుగా కలిపి
సోడా వెయ్యగానే బుస్సుమంది,
పదకొండు రోజులుగా నోరు మూసుకున్నదేదో.

పళ్ల మీద అక్కడో ముద్ద, ఇక్కడో ముద్ద.
దీన్ని కాబ్లర్ అంటారట.
చెప్పులు కుట్టే మనిషి పేరు తిండికెలా వచ్చిందో తెలీదు,
ఆ అతుకులు చూసి నేనే ఓ కారణం అల్లుకున్నాను.

ఇరవయ్యో నిమిషంలో కరెంటు పోయింది.

కింద రుద్రమ్మ గారు గాస్కెట్ తీసేసిన కుక్కర్లో
రాళ్లుప్పు పోసి తెచ్చారు, ఏమీ అడక్కుండా.
గిన్నె పట్టింది, వేలెడు చోటు మిగిలి.
స్టవ్ మీద అరగంట.
ఒక పక్క మాడింది, ఒక పక్క తెల్లగా ఉండిపోయింది,
మధ్యలో మాత్రం మామిడి రసం
పాకమై అంచు మీద గుబగుబలాడుతోంది.

ఫోన్ వెలుగులో, చెరో చెంచాతో, గిన్నెలోంచే.
"పులుపు బాగుంది, ఎవరు నేర్పారు?"
అని ఆవిడ తన కన్నడంలో.
ఫ్రెండ్, అన్నాను.
"ఈగ ఎల్లి?"
ఇప్పుడెక్కడా?
వెళ్లిపోయింది, అన్నాను.

ఎంత హాయి అయిన క్రియ!
వెళ్లింది తనే, కర్త తనే.
తోసిన చెయ్యికి ఆ వాక్యంలో
ఎక్కడా విభక్తి కూడా తగలదు.

మాడిన అంచు గీక్కుంటూ
ప్రిసిల్లాకి ఫొటో ఒకటి తీశాను.
చీకట్లో ఏముందో తెలీడం లేదు,
మెరిసే చెంచా ఒక్కటే.
ఇంకా పంపలేదు.

పడుకునే ముందు పుల్లమ్మకి గుప్పెడు పిండి పెట్టాను.
ఈ పూట సగం తియ్యలేదు.
తెల్లారేసరికి మూత నెట్టుకుని
సీసా గోడ దిగి
గట్టు మీదికి, పసుపు చీటీ మీదికి వస్తుంది.

రానీ.