పద్దెనిమిది పళ్ళ చక్రం

మార్చి బురదలో రెండుసార్లు కూరుకుపోయాక
పికప్‌కి పెద్ద టైర్లు వేయించాను.
ఇరవై తొమ్మిది అంగుళాలున్న చోట ముప్పై రెండు.
బండి రెండు వేళ్ళ మందం ఎత్తు పెరిగింది.
నేనూ పెరిగాననుకున్నాను.
సేజ్ పొదల నెత్తి మీదుగా
ఎల్కో దాకా నేల నాదే అనిపించేది.

డాష్‌బోర్డులో ముల్లుకి మాత్రం
ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.
దానికి తెలిసిందల్లా ఒక్కటే:
చక్రం ఒక్కసారి తిరిగితే ఇంత నేల.
ఆ ఇంత ఎంతో, ఎప్పుడో ఫ్యాక్టరీలో
ఎవరో చెవిలో చెప్పి పంపారు.
ఆ మాట మీదే నిలబడి
ఏడు నెలలు నమ్మకంగా అబద్ధమాడింది.

నా పని గొర్రెల మందల వెంట తిరగడం.
నీళ్ళ పీపాలు, ఉప్పు దిమ్మలు, పిండి, బ్యాటరీలు,
ఒక్కోసారి ఎవరికో వచ్చిన ఉత్తరం,
వారానికోసారి కాపరులకి చేర్చడం.
పిరెనీస్ కొండలు దిగి వచ్చిన మా తాత
ఇదే పని గాడిదతో చేశాడు.
గాడిదకి మైళ్ళు తెలియవు, అలుపు తెలుసు.

జూన్‌లో పై మేతకి మందని తోలుకెళ్ళిన ఎలెవుతేరియో
తారు రోడ్డు నుంచి గుడారానికి నలభై నాలుగు మైళ్ళన్నాడు.
నలభై అన్నాను నేను.
వెయ్యి అడుగులకో మొక్కజొన్న గింజ
కుడి జేబులోంచి ఎడమ జేబులోకి వేశాడట.
మూడు రోజులు, తొంభై మూడు గింజలు.
కాకి లెక్కని నవ్వాను.
తలుపు తీసి, అద్దం తుడిచి, అంకెలు చూపించాను.
వంగి చూశాడు.
పెద్దల ముందు కూర్చున్నట్టు
యంత్రం ముందు మర్యాదగా ఊరుకున్నాడు.

సెప్టెంబరులో షెరీఫ్ మనిషి ఆపాడు.
"యాభై ఐదే" అన్నాను.
"అరవై ఒకటి" అంది అతని చేతిలో పెట్టె.

ఇంటికి పోతూ, పెద్ద రోడ్డు మీద
ముల్లుని అరవై దగ్గర కట్టేసినట్టు నిలిపి
మైలురాయికీ మైలురాయికీ మధ్య వాచీ పట్టాను.
అరవై సెకన్లు రావాలి.
యాభై నాలుగు.
మళ్ళీ పట్టాను. యాభై నాలుగున్నర.
మూడోసారి లారీ అడ్డొచ్చింది.
చాలు, దొంగ దొరికాడు.

డెల్మర్ షెడ్డులో బండి కింద వెల్లకిలా పడుకున్నాను.
గేర్‌బాక్సు తోక దగ్గర ఒక బోల్టు, ఒక పట్టీ.
లాగితే, మోచేతి దాకా నూనె కారుస్తూ
బొటనవేలంత ప్లాస్టిక్ చక్రం బయటికొచ్చింది.
గోటితో మీటుతూ లెక్కపెట్టాను.
ఇరవై.
పాలపళ్ళన్నీ ఉన్నాయి.
డెల్మర్ ఇచ్చిన కొత్తదానికి పద్దెనిమిదే.
రెండు పళ్ళు ఊడితే గాని
దీనికి పెద్దతనం రాలేదు.

ముందున్న దారికి లెక్క కుదిరింది.
వెనకటిదానికి కుదరదు.
పదివేల మైళ్ళని రాసుకున్న చోట
నేను పదకొండు వేలు తిరిగాను.
ఆ వెయ్యి మైళ్ళ దుమ్ము నా ఊపిరితిత్తుల్లో ఉంది,
డీజిల్ బాకీ కొట్లో ఉంది,
అంకెల్లో మాత్రం లేదు.

మందలు కిందికి దిగే ముందు వారం
తారు రోడ్డు అంచున అంకెలు సున్నా చేసి
గుడారం దాకా నడిపాను.
నలభై నాలుగు,
పక్కన చిన్న అంకె ఒకటి తిరగబోయి ఆగింది.

ఎలెవుతేరియో కుక్కని ఒళ్ళో పడుకోబెట్టుకుని
పాదంలో ముల్లు తీస్తున్నాడు.
"నీ లెక్కే సరి" అన్నాను.
ఈ మాట దారంతా నలభై రకాలుగా అనుకున్నాను,
చివరికి ఇంతే వచ్చింది.

అతను తలెత్తలేదు.
"ఆ ఉప్పు దిమ్మలు కూడా
ఒకసారి తూచి చూడు, గ్రాసియానా" అన్నాడు.

ముల్లు ఊడి వచ్చింది.
కుక్క లేచి, ఆ కాలు నేలకి ఆనించి
తీసేసి
మళ్ళీ ఆనించి చూసుకుంది.